కెర్నెల్ నెట్‌వర్క్ బగ్గుల నుంచి ఆఫీసు మెషీన్లను కాపాడుకోవడం ఎలా?

ఇది సెక్యూరిటీ రీసెర్చర్ల కోసం రాసింది కాదు. హన్మకొండ నయీంనగర్‌లో ఓ కాలేజీ ల్యాబ్, ములుగు రోడ్డు మీద ఓ డయాగ్నస్టిక్ సెంటర్, ఎనుమాముల మార్కెట్ దగ్గర రెండు మూడు అడ్తి దుకాణాలు, వీటన్నిటి కంప్యూటర్లనూ ఒంటిచేత్తో చూసుకునే మనిషి కోసం. ప్రింటర్ ఆగినా మీకే ఫోన్, నెట్ పోయినా మీకే ఫోన్. అలాంటి మీకు అప్పుడప్పుడు వాట్సాప్‌లో ఎవరో ఓ వార్త పంపుతారు: లినక్స్ కెర్నెల్‌లో ప్రమాదకరమైన లోపం, విండోస్ టీసీపీ/ఐపీలో రంధ్రం, వెంటనే అప్‌డేట్ చేయండి అని. (కెర్నెల్ అంటే ఓఎస్‌లో హార్డ్‌వేర్‌నూ నెట్‌వర్క్‌నూ నడిపే మూల భాగం, టీసీపీ/ఐపీ అంటే నెట్‌లో డేటా పంపే పద్ధతి.) చదివి వదిలేయాలా, ఆదివారం దాకా ఆగొచ్చా, ఈ రాత్రికే బండి తీసి ఆఫీసుకు పోవాలా? అది తేల్చుకోవడం ఎలాగో, తేల్చుకున్నాక ఏం చేయాలో కింద వరసగా రాశాను.

ఇందులో కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. కష్టమైన పనల్లా రీబూట్‌కు యజమానిని ఒప్పించడమే. “మంచిగనే నడుస్తుంది గద తమ్మీ, దాన్నెందుకు ముడ్తవ్?” అనే ప్రశ్నకు మీ దగ్గర సూటి జవాబు ఉండాలి. అందుకే మొదట లోపం ఎలా పుడుతుందో కాస్త తీరిగ్గా చూద్దాం. తొందరగా పని మొదలుపెట్టాలనుకునే వాళ్లు నేరుగా మొదటి మెట్టుకు వెళ్లిపోవచ్చు.

అసలు లోపం ఎక్కడ ఉంటుంది

నెట్‌వర్క్ కార్డుకు ప్యాకెట్ (నెట్‌లో వచ్చే డేటా ముక్క) చేరిన క్షణం నుంచి, అది ఏ ప్రోగ్రామ్‌కు అందాలో తేలే దాకా దాన్ని విప్పి చదివేది కెర్నెలే. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే ఘట్టం అప్పటికి రాదు. ఈ కోడ్‌లో అత్యధిక భాగం సీ భాషలో రాసింది. కేటాయించిన మెమరీ హద్దు దాటి చదివినా రాసినా సీ భాష తనంతట తాను ఆపదు. హద్దు చూసుకునే బాధ్యత పూర్తిగా ప్రోగ్రామర్‌దే.

ప్యాకెట్ మొదట్లో ఉండే హెడర్‌లో “నా పొడవు ఇంత” అని ఓ అంకె ఉంటుంది. ఆ అంకె రాసింది పంపినవాడే. గుమస్తా కాంటా పెట్టకుండా మిర్చి బస్తా మీది చీటీ చూసి తూకం రాసుకుంటే ఎంత నష్టమో, కోడ్ ఆ అంకెను గుడ్డిగా నమ్మితే అంత నష్టం. అరవై బైట్లే వచ్చినా రెండు వందలని చీటీ చెబితే, మిగతా నూట నలభై బైట్లను పక్కనున్న మెమరీలోంచి చదివేస్తుంది. చదవడం కాక రాయడమైతే, పక్కనున్న దాని మీద రాసేస్తుంది. పక్కన ఉన్నది కెర్నెల్ తర్వాత పిలవబోయే ఫంక్షన్ అడ్రస్ అయితే, మెషీన్ పగ్గాలు పంపినవాడి చేతికి పోయినట్టే.

నిజంగా జరిగిన ఉదాహరణ ఒకటి దగ్గర నుంచి చూడండి. 2017 మే 12న ప్రపంచమంతా వానాక్రై వైరస్ పాకిందంటే కారణం విండోస్‌లోని ఎస్ఎంబీ-1 లోపం, సీవీఈ-2017-0144 (బయటపడ్డ లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబరే సీవీఈ). ఫైల్ షేరింగ్ నడిపే ఆ డ్రైవర్ కెర్నెల్‌లోనే పనిచేస్తుంది. పాత ఓఎస్/2 పద్ధతిలో వచ్చిన ఫైల్ లక్షణాల జాబితాను విండోస్ ఎన్‌టీ పద్ధతిలోకి మార్చే చోట తప్పు ఉంది. జాబితా పొడవును దాచే గడి నాలుగు బైట్లది. చివర్లో చెల్లని ఎంట్రీ కనబడితే కోడ్ జాబితాను కుదించి, కొత్త పొడవును ఆ గడిలో రాయాలి. కానీ కింది రెండు బైట్లలోనే రాసింది, పై రెండూ పాతవే మిగిలాయి. పొడవు 65,536 అని పంపితే, కుదించాక 65,373 కావాల్సింది కాస్తా 1,30,909 అయి కూర్చుంది. మెమరీ తీసుకున్నది కుదించిన లెక్కకు, కాపీ చేసింది పెరిగిన లెక్కకు. మిగిలిన కథంతా ఆ తేడాలోంచే పుట్టింది. దీనికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే సవరణ, మార్చి 14నే ఇచ్చింది. అంటే వైరస్ పాకడానికి ఎనిమిది వారాల ముందే. యజమాని ప్రశ్నకు జవాబు అదే.

రెండో రకం లోపం, ఖాళీ చేసిన మెమరీని మళ్లీ వాడటం. లినక్స్‌లో ఒక్కో ప్యాకెట్ ఎస్‌కే-బఫ్ అనే నిర్మాణంలో ప్రయాణిస్తుంది. డ్రైవర్ దాన్ని కార్డుకు అప్పగించాక, పంపడం పూర్తయిన వెంటనే ఆ మెమరీ విడుదలైపోతుంది, అదీ తరచుగా వేరే సీపీయూ మీద. కొన్ని డ్రైవర్లు అప్పగింత అయిపోయాక తీరిగ్గా “పంపిన బైట్ల లెక్కలో ఈ ప్యాకెట్ పొడవు కలుపు” అని మళ్లీ అదే బఫ్‌ను తెరుస్తాయి. పొడవు చదవడమే కదా అనిపిస్తుంది. కానీ ఆ చోటు ఈపాటికి ఇంకెవరిదో అయి ఉండొచ్చు. మందు చాలా చిన్నది: అప్పగించక ముందే పొడవును ఓ వేరియబుల్‌లో దాచుకోవడం. ఇలాంటి ఒక్క వరుస సవరణలు కెర్నెల్ నెట్‌వర్క్ ప్యాచుల్లో కోకొల్లలు.

ఇవి ఎన్నేళ్లయినా ఎవరి కంటా పడకుండా ఉండగలవు. లినక్స్ కెర్నెల్లోని ఫైర్‌వాల్ భాగమైన నెట్‌ఫిల్టర్‌లో 2006లో దూరిన సీవీఈ-2021-22555 బయటపడింది 2021లో. పదిహేనేళ్లు! “ఇన్నాళ్లూ ఏం కాలేదుగా” అనే వాదన ఇక్కడ చెల్లదు.

మెట్టు 1: అన్ని మెషీన్ల జాబితా రాయండి, కంప్యూటర్‌లా కనబడనివి కూడా

ఒక నోట్‌బుక్కో, ఎక్సెల్ షీటో చాలు. డెస్క్‌టాప్‌లు, సర్వర్ అందరూ రాస్తారు. వదిలేసేవి వేరే ఉంటాయి: నెట్ కంపెనీ వాళ్లు పెట్టిపోయిన ఫైబర్ డబ్బా, వైఫై రూటర్, సీసీ కెమెరాల రికార్డర్, వేలిముద్ర హాజరు మెషీన్, నెట్‌వర్క్ హార్డ్ డిస్క్, పెద్ద జిరాక్స్ మెషీన్. వీటిలో చాలా వాటి లోపల లినక్సే ఉంటుంది, అదీ పదేళ్ల కిందటి కెర్నెల్‌తో.

ప్రతి మెషీన్ ఎదురుగా దాని ఓఎస్, దానికి సపోర్ట్ ఎప్పుడు ముగుస్తుంది అన్నవి రాయండి. ఇప్పటికే ముగిసినవి కొన్ని: విండోస్ 7కు 2020 జనవరి 14, సెంటాస్ 7 అనే లినక్స్‌కు 2024 జూన్ 30, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14. లినక్స్‌లోనే ఇంకో రకమైన ఉబుంటు 18.04కు మామూలు సపోర్ట్ 2023లోనే పోయింది. గడువు దాటినవి ఉంటే ఎర్ర ఇంకుతో రాయండి, వాటి సంగతి ఐదో మెట్టులో.

మెట్టు 2: ఇన్‌స్టాల్ అయిన కెర్నెల్ కాదు, నడుస్తున్న కెర్నెల్ చూడండి

ఎక్కువ మంది బోల్తా పడేది ఈ మెట్టు దగ్గరే. అందుకే కాస్త సాగదీసి చెబుతున్నా.

ఉబుంటు సర్వర్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా తమంతట తామే వచ్చి ఇన్‌స్టాల్ అవుతుంటాయి. కొత్త కెర్నెల్ కూడా డిస్కులోకి వచ్చి కూర్చుంటుంది. కానీ మెమరీలో నడుస్తున్నది మాత్రం చివరిసారి మెషీన్ ఆన్ చేసినప్పటిదే. ఉబుంటు తనంతట తాను రీబూట్ అయ్యేలా ఎవరైనా సెట్ చేస్తే తప్ప కాదు. అప్‌డేట్లన్నీ పచ్చగా కనబడుతున్నా, ఏడాది కిందటి రంధ్రం అలాగే తెరిచి ఉండొచ్చు.

చూడటం తేలిక. టెర్మినల్ తెరిచి యూనేమ్, ఖాళీ, మైనస్ ఆర్ కొట్టండి. నడుస్తున్న కెర్నెల్ నంబర్ వస్తుంది. తర్వాత అప్‌టైమ్ అని కొట్టండి, ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో చెబుతుంది. మూడు వందల రోజులని కనబడితే గర్వపడకండి, అన్ని రోజులుగా కెర్నెల్ ప్యాచ్ పడలేదని అర్థం. ఉబుంటు, డెబియన్లలో వార్ డైరెక్టరీ కింద రన్ అనే ఫోల్డర్‌లో రీబూట్-రిక్వైర్డ్ పేరుతో ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే మెషీన్ మీ కోసం ఎదురు చూస్తోందన్నమాట. లైవ్‌ప్యాచ్ అనే సదుపాయం ఉంది, ఆపకుండానే నడుస్తున్న కెర్నెల్‌ను సవరిస్తుంది. మంచిదే, కానీ అన్ని లోపాలకూ అది రాదు. దాని భరోసాతో రీబూట్‌ను ఏళ్ల తరబడి వాయిదా వేయొద్దు.

విండోస్‌లో చిక్కు ఇంకో రకం. దుకాణం కట్టేసేటప్పుడు రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అంటారు. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములే మూసుకుంటాయి. కెర్నెల్‌ను అలాగే డిస్కు మీద దాచి, పొద్దున మళ్లీ అదే లేపుతుంది. నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద అప్ టైమ్ చూడండి. రాత్రి ఆపి పొద్దున వేసిన మెషీన్ ఇరవై రోజులుగా నడుస్తున్నట్టు చూపిస్తుంది! కెర్నెల్ నిజంగా కొత్తగా మొదలు కావాలంటే రీస్టార్ట్ కొట్టాలి, లేదా షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. ఆఫీసు మెషీన్లలో నేనైతే ఫాస్ట్ స్టార్టప్‌ను కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పూర్తిగా తీసేస్తాను. ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్లో అది మిగిల్చే కొద్ది సెకన్లు ఎవరికీ తెలియవు.

విండోస్ వెర్షన్ కోసం రన్ బాక్సులో విన్‌వర్ కొట్టండి. బిల్డ్ నంబర్ చివర చుక్క తర్వాత వచ్చే అంకెలే నెలనెలా మారేవి. జాబితాలో అవీ రాసుకోండి.

మెట్టు 3: వార్త రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి

2024 ఫిబ్రవరి నుంచి లినక్స్ కెర్నెల్ బృందమే తమ లోపాలకు సీవీఈ నంబర్లు ఇస్తోంది. సవరించిన ప్రతి బగ్గుకూ దాదాపు ఒక నంబర్ పడుతోంది కాబట్టి జాబితా చాంతాడంత అవుతోంది. అన్నిటికీ ఉలిక్కిపడితే నిద్ర ఉండదు. అందుకని వడపోత.

మొదటి ప్రశ్న: దాడి ఎక్కడి నుంచి చేయొచ్చు? ప్రకటనలో లోపం తీవ్రతను చెప్పే సీవీఎస్ఎస్ అనే వరుసలో ఏవీ అని ఉంటుంది. దాని పక్కన ఎన్ ఉంటే నెట్‌వర్క్ మీదుగా ఎక్కడి నుంచైనా, ఏ ఉంటే అదే వైఫై లేదా అదే బ్లూటూత్ పరిధిలోంచి, ఎల్ ఉంటే ఆ మెషీన్లో ముందే లాగిన్ అయినవాడు మాత్రమే. పక్కనే పీఆర్ అంటే ముందుగా ఎంత అనుమతి ఉండాలి, యూఐ అంటే మీ వాళ్లు ఎవరైనా ఏదైనా నొక్కాలా అని. ఏవీ ఎన్, పీఆర్ ఎన్, యూఐ ఎన్, ఈ మూడు ఎన్‌లు ఒకచోట కనబడితే ఆ రాత్రికే బండి తీయాలి.

2024 ఆగస్టులో ప్యాచ్ వచ్చిన విండోస్ సీవీఈ-2024-38063 అలాంటిదే, స్కోరు పదికి 9.8. ఐపీవీ6 ప్యాకెట్లను చదివే చోట లెక్క సున్నా కిందికి జారి పెద్ద అంకెగా మారే తప్పు. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు.

ఇక ఎల్ అని ఉంటే తేలిగ్గా తీసుకోవచ్చా? అది మీ మెషీన్‌ను ఎవరు వాడతారన్న దాని మీద ఉంటుంది. సీవీఈ-2024-1086 తీసుకోండి. నెట్‌ఫిల్టర్ టేబుల్స్‌లో ఒకే మెమరీని రెండుసార్లు విడుదల చేయించే లోపం, స్కోరు 7.8, మామూలు యూజర్ రూట్, అంటే పూర్తి అధికారమున్న అడ్మిన్, అయిపోతాడు. అడ్తి దుకాణంలో ఒకే మనిషి వాడే బిల్లింగ్ మెషీన్‌కు ఇది ఆదివారం దాకా ఆగుతుంది. కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో రెండు సెక్షన్ల పిల్లలకు లాగిన్‌లు ఇచ్చి ఉంటారు. అక్కడ ఇది ఆగదు. చెడ్డ ఉద్దేశంతో కాకపోయినా, చూద్దాం పని చేస్తుందో లేదో అని ప్రయత్నించే పిల్లవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. నిజానికి అలాంటివాడే తర్వాత మంచి ఇంజనీర్ అవుతాడు, అది వేరే సంగతి. వెబ్‌సైట్ నడిపే సర్వర్ కూడా ల్యాబ్ కిందే లెక్క. సైట్‌లోని ఏదో చిన్న రంధ్రం గుండా లోపలికి వచ్చినవాడు లోకల్ యూజరే అవుతాడు కదా.

రెండో ప్రశ్న: లోపమున్న భాగం నా మెషీన్లో నడుస్తోందా? లినక్స్‌లో ఎల్ఎస్‌మాడ్ కొడితే లోడ్ అయిన మాడ్యూళ్లు (కెర్నెల్‌కు తగిలించే ముక్కలు) కనబడతాయి. అయితే కనబడలేదు కాబట్టి భయం లేదని అనుకోవద్దు. చాలా ప్రోటోకాల్ మాడ్యూళ్లు ఎవరైనా ఆ రకం సాకెట్ తెరవమని అడగ్గానే వాటంతట అవే లోడ్ అవుతాయి. 2017లో బయటపడ్డ సీవీఈ-2017-6074 డీసీసీపీ అనే ప్రోటోకాల్‌లోది. మీరూ నేనూ ఎన్నడూ వాడం, కానీ మామూలు యూజర్ అడిగితే కెర్నెల్ తెచ్చిపెట్టేది. ఆ లోపం అప్పటికే దశాబ్దానికి పైగా కోడ్‌లో ఉంది.

మూడో ప్రశ్న: దీన్ని ఎవరైనా ఇప్పటికే వాడుతున్నారా? అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA), ఇప్పటికే దాడుల్లో వాడుతున్న లోపాల జాబితా ఒకటి నడుపుతుంది. పైన చెప్పిన 1086 ప్యాచ్ 2024 జనవరిలో వస్తే, మే నెలాఖరుకు ఆ జాబితాలో చేరింది. మన దేశంలో ఇదే పని చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ప్రకటనలు చూస్తుండండి. వాట్సాప్ ఫార్వర్డ్ కంటే ఈ రెండు చోట్లా చూడటానికి పట్టే ఐదు నిమిషాలు మేలు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. వార్తలో “6.8కి ముందున్న వెర్షన్లన్నీ ప్రమాదంలో” అని ఉంటుంది, మీ రెడ్ హ్యాట్ 9 మెషీన్ 5.14 అని చూపిస్తుంది. గాభరా పడకండి. రెడ్ హ్యాట్, డెబియన్, ఉబుంటు వాళ్లు కొత్త వెర్షన్‌కు మారకుండా, సవరణను మాత్రం తెచ్చి పాత నంబర్ ఉన్న కెర్నెల్లోనే అతికిస్తారు. ముందరి నంబర్ కాదు, డ్యాష్ తర్వాత వచ్చే పొడవాటి నంబర్ చూడాలి. రెడ్ హ్యాట్ తరహా మెషీన్లో కెర్నెల్ ప్యాకేజీ చేంజ్‌లాగ్ తెరిచి అందులో సీవీఈ నంబర్ వెతికితే తేలిపోతుంది. డెబియన్, ఉబుంటులకు వాళ్ల సెక్యూరిటీ పేజీల్లో ఏ ప్యాకేజీతో సవరణ వచ్చిందో రాసి ఉంటుంది.

మెట్టు 4: ఫైర్‌వాల్ మీద ఎంత భారం వేయొచ్చో తెలుసుకోండి

అన్నిటికీ ఫైర్‌వాల్ ఉందిగా అనే మాట వింటుంటాం. లినక్స్‌లో ఫైర్‌వాల్ అంటే కెర్నెల్లోని నెట్‌ఫిల్టరే. పైన చెప్పిన లోపాల్లో రెండు దానిలోవే. విండోస్ 38063 విషయంలోనైతే, ప్యాకెట్ ఫైర్‌వాల్ దాకా రాకముందే లోపం తగులుతుంది కాబట్టి ఆ మెషీన్లోని ఫైర్‌వాల్‌లో ఐపీవీ6 ఆపినా లాభం లేదని దాన్ని కనిపెట్టిన పరిశోధకుడే చెప్పాడు. ఫైర్‌వాల్ వద్దని కాదు. దాన్ని ప్యాచ్‌కు బదులుగా చూడొద్దని.

రెండో భ్రమ, మేం రూటర్ వెనకాల ఉన్నాం, మా అడ్రస్ 192.168తో మొదలవుతుంది, బయటివాళ్లకు కనబడం అనేది. ఐపీవీ4కు అది కొంతవరకు నిజం. కానీ జియో లాంటి కనెక్షన్లలో మీ మెషీన్‌కు ఐపీవీ6 అడ్రస్ కూడా వస్తుంది. ఎఫ్ఈ80తో మొదలైతే అది గది లోపలి అడ్రస్. 2తో మొదలైతే, ఉదాహరణకు 2409, అది ప్రపంచానికి తెలిసిన అడ్రస్. మధ్యలో ఐపీవీ4కు ఉన్నట్టు అడ్రస్ మార్పిడి తెర ఉండదు, రూటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ ఒక్కటే అడ్డు. రూటర్ పేజీలోకి వెళ్లి అది ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూడండి. ఐపీవీ6ను మొత్తంగా పీకేయమని మాత్రం చెప్పను. మైక్రోసాఫ్ట్ కూడా మామూలు రోజుల్లో వద్దనే అంటుంది. ప్యాచ్ వేసే దాకా ఒకటి రెండు రోజుల తాత్కాలిక ఉపాయంగా పనికొస్తుంది, అంతే.

మెట్టు 5: వాడనివి మూసేయండి

విండోస్‌లో మొదట ఎస్ఎంబీ-1. టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ తెరిచి, ఎస్ఎంబీ 1.0 ఎదురుగా టిక్ ఉంటే తీసేయండి. కొత్తగా వేసిన విండోస్‌లో అది మామూలుగా ఉండదు. కానీ స్కాన్ చేసిన కాగితం నేరుగా ఫోల్డర్లోకి రావాలని జిరాక్స్ మెషీన్ మెకానిక్ వచ్చి టిక్ పెట్టిపోయి ఉంటాడు. తీసేస్తే స్కాన్ ఆగుతుంది, తిట్లు మీకు పడతాయి. స్కాన్‌ను ఈమెయిల్‌కో, పెన్‌డ్రైవ్‌కో మళ్లించి తీసేయండి.

లినక్స్ సర్వర్లో డీసీసీపీ, ఎస్‌సీటీపీ, ఆర్‌డీఎస్, టిప్క్ అనే నాలుగు ప్రోటోకాళ్లు మన ఆఫీసుల్లో దాదాపు ఎవరికీ అక్కర్లేదు. ఈటీసీ కింద మాడ్‌ప్రోబ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో, డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఓ ఫైల్ పెట్టి, ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కో వరుస రాయండి: ఇన్‌స్టాల్, మాడ్యూల్ పేరు, ఆ తర్వాత స్లాష్ బిన్ స్లాష్ ఫాల్స్. ఆ మాడ్యూల్ తెమ్మని ఎవరడిగినా ఏమీ రాదు. బ్లాక్‌లిస్ట్ అనే పదంతో రాసే పద్ధతి ఇంతకంటే బలహీనం, పేరు పెట్టి అడిగితే లోడ్ అవుతుంది.

కాలేజీ ల్యాబ్ సర్వర్ అయితే యూజర్ నేమ్‌స్పేస్‌ల (మెషీన్ లోపలే యూజర్‌కు విడిగా కట్టిన గది లాంటివి) సంగతి కూడా చూడాలి. మామూలు యూజర్ తనకంటూ ఓ నేమ్‌స్పేస్ సృష్టించుకుంటే, దాని లోపల నెట్‌వర్క్ అడ్మిన్ అధికారం వస్తుంది. ఆ అధికారంతో నెట్‌ఫిల్టర్ కోడ్‌ను తాకొచ్చు. 1086ను వాడుకున్నవాళ్లు పట్టుకున్న దారి ఇదే. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌లో యూజర్ డాట్ మ్యాక్స్ యూజర్ నేమ్‌స్పేసెస్ విలువను సున్నా చేస్తే ఆ దారి మూసుకుంటుంది. నష్టం లేకపోలేదు. రూట్ లేకుండా నడిపే కంటైనర్లు ఆగిపోతాయి, బ్రౌజర్ల శాండ్‌బాక్సుకూ ఇబ్బంది. తెర లేని సర్వర్లో చేయండి, డెస్క్‌టాప్‌లలో వద్దు. ఉబుంటు 24.04లో ప్రోగ్రాముల అధికారాలకు హద్దు పెట్టే యాప్‌ఆర్మర్ ద్వారా ఇలాంటి కట్టడి ముందే ఉంది, దాన్ని ఎవరో పాఠం చూసి ఆపేసి ఉంటే మళ్లీ ఆన్ చేయండి.

ఎర్ర ఇంకు మెషీన్లు గుర్తున్నాయా? డయాగ్నస్టిక్ సెంటర్‌లో పరీక్షలు చేసే అనలైజర్‌కు తగిలించిన విండోస్ 7ను మార్చలేరు, ఎందుకంటే ఆ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఇంకదేనిలోనూ నడవదు. దాన్ని ఇంటర్నెట్‌కు, మిగతా ఆఫీసుకు దూరం పెట్టండి. వేరే వీల్యాన్ (అదే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్) కుదిరితే సరే, కుదరకపోతే కేబుల్ పీకేసి రిపోర్టులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం మోటుగా ఉన్నా నడుస్తుంది.

మెట్టు 6: ప్యాచ్ వేయండి, రీబూట్ చేయండి

ముందు సమయం. మిర్చి సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అడ్తి దుకాణంలో పగటిపూట సర్వర్ ముట్టుకుంటే ఊరుకోరు. కాంటాలు మొదలు కాకముందే వెళ్లండి. “పొద్దుగాల పది నిమిషాలు ఇయ్యిండ్రి సేటూ, మళ్ల నెల దాకా అడగ” అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. కాలేజీలైతే మేడారం జాతర సెలవులు, దసరా సెలవులు దొరుకుతాయి. మైక్రోసాఫ్ట్ ప్యాచులు నెలలో రెండో మంగళవారం వస్తాయి, మనకు బుధవారం పొద్దుటికి చేరతాయి. ఆ వారాంతాన్ని రీబూట్‌కు ఖాయం చేసుకుంటే ప్రతిసారీ బతిమాలే పని ఉండదు.

లినక్స్‌లో ముందుగా బూట్ పార్టిషన్లో ఖాళీ ఎంతుందో చూడండి. పాత కెర్నెళ్లు పేరుకుపోయి అది నిండితే, కొత్తది సగం ఇన్‌స్టాల్ అయి మెషీన్ మధ్యలో నిలబడిపోతుంది. వాడనివి తీసేయండి, ఇప్పుడు నడుస్తున్న దాన్ని మాత్రం ఉంచుకోండి. కొత్తది లేవకపోతే, మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని నిమిషంలో దుకాణం తెరిపించొచ్చు. బయటి నుంచి తెచ్చి వేసిన వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లున్న మెషీన్లు కొత్త కెర్నెల్‌తో మొరాయిస్తాయి. అలాంటిది ఒకటుంటే ముందు దాని మీదే ప్రయత్నించండి.

యూపీఎస్ లేని మెషీన్లో కరెంటు పోయే వేళ కెర్నెల్ అప్‌డేట్ మొదలుపెట్టొద్దు. ఇంట్లో కూర్చుని రిమోట్‌లో రీబూట్ కొట్టడం అంతకంటే ప్రమాదం. అవతల తెర ముందు మనిషి లేకపోతే, గ్రబ్ మెనూ దగ్గర ఆగిపోయిన మెషీన్ కోసం అర్ధరాత్రి అక్కడిదాకా పోవాల్సి వస్తుంది.

లేచాక మళ్లీ యూనేమ్ కొట్టి, నంబర్ మారిందో లేదో చూసి, జాబితాలో తేదీ వేయండి.

ఒకవేళ ప్యాచ్ రాకముందే వార్త వస్తే, ప్రకటనలో తాత్కాలిక ఉపాయం ఉందేమో చూడండి. 2019 జూన్‌లో శాక్ పానిక్, అంటే సీవీఈ-2019-11477 బయటపడినప్పుడు టీసీపీ శాక్ అనే సెట్టింగ్‌ను సున్నా చేస్తే చాలన్నారు. పదహారు బిట్ల గడిలో ఇమడని లెక్క వల్ల దూరం నుంచే లినక్స్ మెషీన్‌ను పడేయగలిగే లోపం అది. ఇలాంటివి చేస్తే జాబితాలో రాసుకోండి, ప్యాచ్ పడ్డాక వెనక్కి మార్చాలి కదా.

మెట్టు 7: రూటర్, కెమెరాలు

రూటర్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) పేజీలో తేదీ చూడండి. కొత్తది ఉంటే వేయండి. రిమోట్ మేనేజ్‌మెంట్, యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే రూటర్‌లో దారులు తెరుచుకునే సదుపాయం) ఆపండి. కెమెరాల రికార్డర్‌ను గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టండి. మూడేళ్లుగా ఒక్క ఫర్మ్‌వేర్ కూడా రాని రూటర్‌ను మార్చమని యజమానికి చెప్పండి.

మెట్టు 8: మెషీన్ పడిపోతే ఏం చూడాలి

కెర్నెల్ పానిక్ (కెర్నెల్ తేరుకోలేక ఆగిపోవడం) అయి తెర నిండా అక్షరాలు వస్తే వెంటనే పవర్ బటన్ నొక్కకండి. ముందు ఫోన్‌తో ఫొటో తీయండి, వరుసలన్నీ చదవగలిగేలా. తిరిగి లేచాక జర్నల్‌సీటీఎల్‌లో మైనస్ కే, మైనస్ బీ, మైనస్ ఒకటి ఇస్తే అంతకు ముందు బూట్ తాలూకు కెర్నెల్ లాగ్ వస్తుంది, జర్నల్‌ను డిస్కులో దాచేలా సెట్ చేసి ఉంటే.

వెతకాల్సిన మాటలు కొన్ని: ఎస్‌కేబీ ఓవర్ పానిక్ అంటే ప్యాకెట్ బఫ్‌లో హద్దు దాటి రాయబోతే కాపలా కోడ్ పట్టుకుందని. రెఫ్‌కౌంట్ అండర్‌ఫ్లో, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటే విడుదలైన దాన్ని మళ్లీ ఎవరో తాకబోయారని. మెమరీ తప్పులను పట్టే కేఫెన్స్ అనే పేరు కనబడితే ఇంకా మంచిది. ఆ మెమరీని ఎవరు తీసుకున్నారో, ఎవరు విడుదల చేశారో కూడా అదే చెబుతుంది. ల్యాబ్‌లో కెర్నెల్ కంపైల్ చేయగల పిల్లలుంటే, మెమరీ తప్పులను పరీక్షించే కేసాన్ ఆన్ చేసిన కెర్నెల్‌ను వర్చువల్ మెషీన్లో నడిపి, మెషీన్‌ను పడేసిన పనే మళ్లీ చేయించండి. మెమరీలో ఎనిమిదో వంతు తన లెక్కలకే తీసుకుంటుంది, నెమ్మదిగా నడుస్తుంది, కానీ తప్పు జరిగిన చోటే పట్టుకుంటుంది. అసలు సర్వర్లో మాత్రం వద్దు.

ప్రతి పానిక్కూ దాడి అనుకోవద్దు. మన ఎండల్లో, మన కరెంటుతో, ర్యామ్ పాడై పడిపోయేవే ఎక్కువని నా అనుభవం. ఆర్ఐపీ అనే వరుస చూడండి, ఏ ఫంక్షన్ దగ్గర పడిందో అందులో ఉంటుంది. పడ్డ ప్రతిసారీ అక్కడ అదే ఫంక్షన్ పేరుంటే కోడ్‌ను అనుమానించండి. ఒక్కోసారి ఒక్కో పేరుంటే రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి ర్యామ్ చూడండి.

నిజంగానే ఎవరో లోపలికి వచ్చారనిపిస్తే మెషీన్‌ను నెట్ నుంచి వేరు చేయండి, ఫార్మాట్ చేయకండి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు ఇలాంటి ఘటనను తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

కోడ్ లోపమే అని తేలితే మీ డిస్ట్రో (ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లినక్స్ రకం) వాళ్లకు రిపోర్ట్ పంపండి. లాగ్‌లో పేషెంట్ల పేర్లు, బయటి ఐపీ అడ్రస్‌లు ఉంటే చెరిపేయండి, కెర్నెల్ వెర్షన్ వరుస, ట్రేస్ మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చొద్దు. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ వల్లే పడుతోందని గట్టి అనుమానం ఉంటే దాన్ని అందరికీ కనబడే బగ్ పేజీలో పెట్టకుండా, ఆ డిస్ట్రో సెక్యూరిటీ బృందం ఈమెయిల్‌కే పంపండి.